ఎండు కార్డు, ఒడ్డుకొచ్చిన చెక్క

"మేష్టారు బాబూ, ఎండు కార్డు ఎక్కడ రాత్తన్నారు?"

నేను టెక్కలి నుంచి బండి మీద వచ్చి, ఇసుకపేట స్కూలు గేటు ముందు దిగీ దిగకముందే కుమారి వేసిన ప్రశ్న ఇది. ఆమె వెనక పేటలోని ఆడవాళ్ళలో సగంమంది ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఆధారు జిరాక్సులు. ముందుచూపున్నవాళ్ళు పాస్‌పోర్టు సైజు ఫొటోలు కూడా తెచ్చుకున్నారు. వేసవి సెలవులకి ఇంకా కొద్దిరోజులున్నాయి. ఎండు కార్డు సంగతి ఏమోగాని, ఆ ఎండలో నిలబడి వాళ్ళు మాత్రం ఎండిపోతున్నారు.

"ఎండు కార్డేటమ్మా?"

"ఏటంటారేటి బాబూ! తాతారావు మావకి వచ్చీసినాది కదా. సికాకులం ఆస్పత్రిలో ఉన్నాడు గావాల, అక్కడే ఇచ్చీసినారట. రాత్రి కళ్యాణి నా ఫోనుకే సేసినాది. 'నాన్నకి ఎండు కార్డు ఐటీసు' అన్నాది. నాను సెవులారా ఇన్నాను."

"ఐటీసంటే?"

"ఐటమ్‌లు బాబూ. కార్డు మీద ఇచ్చే ఐటమ్‌లు. బియ్యమో, నూనో."

నవ్వడానికి వీల్లేదు. అది సముద్రంలో వేట నిషేధం ఉన్న కాలం. పేట పడవలన్నీ ఒడ్డెక్కి బోర్లా పడుకున్నాయి. వేట లేకపోతే చేపలు లేవు, చేపలు లేకపోతే ఎండబెట్టేదేమీ లేదు. ఎండు చేపలమ్మే ఆడవాళ్ళకి ఒక కార్డు పుట్టిందంటే నమ్మకుండా ఎవరుంటారు? కుమారి మాట తేల్చి చెప్పే మనిషి కూడాను. ఆమె మొగుడు కృష్ణ పడవలో అలకి ఎదురెళ్తాడుగానీ ఇంట్లో ఆమె మాటకి ఎదురెళ్ళడు.

లోపలికి వెళ్ళి కళ్యాణికి ఫోను చేశాను. తాతారావు కూతురు, నా దగ్గర చదువుకుని ఇప్పుడు టెక్కలిలో డిగ్రీ చేస్తోంది. తాతారావు ఒకప్పుడు మా స్కూలు తల్లిదండ్రుల కమిటీకి ఛైర్మన్. నా శ్లేషలన్నీ భరించి కూడా నాతో స్నేహం మానని మనిషి.

"కార్డు కాదు సార్, ఎండోకార్డైటిస్. గుండె లోపలి పొరకి ఇన్ఫెక్షన్ అట. డాక్టరు గారు ఇంకేదో కూడా సెప్పినారు, మాకు అర్థం కాలేదు. మీరొకసారి వత్తారా?"

ఫోను ఆమె తల్లి బుచ్చమ్మ చేతిలోకి వెళ్ళింది. "బాబూ, పేటలో గుండె మాట ఎత్తకండి. జొరమని అందరికీ ఎరికే, అక్కడితో ఉంచండి. మీకు దణ్ణం పెడతాను. కలాసీలు ఎల్లిపోతారు."

ఆ ఒక్క ముక్కతో సంగతంతా బోధపడింది. తాతారావు సొంత పడవకి సరంగు. చుక్కాని ఆయన చేతిలో ఉంటేనే, కూలికి వేటకెళ్ళే కలాసీలు ధైర్యంగా పడవెక్కుతారు. నిషేధం ముగిసిన రోజున మొదటి వేటకి సరంగు లేకపోయినా, ఉన్నవాడికి గుండెజబ్బని తెలిసినా, వాళ్ళు వేరే పడవ చూసుకుంటారు. ఒకసారి వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఏడాదికిగాని దొరకరు.

బయటికొచ్చి ఆడవాళ్ళతో, "కార్డు సంగతి విచారిస్తానమ్మా. అది పైనుంచి రావాలి" అన్నాను. ఎంత పైనుంచి అన్నది నేను చెప్పలేదు, వాళ్ళు అడగలేదు.

* * *

అసలు జ్వరం శివరాత్రి ముందు మొదలైంది. సాయంత్రమయ్యేసరికి సన్నగా చలి, ఒంట్లో నొప్పులు. జ్వరం జొరబడింది, ఇక వెళ్ళలేదు. నాలుగడుగులు ఇసకలో వేస్తే తాతారావు ఆయాసపడేవాడు. మొహం పాలిపోయింది.

మా తెలుగు మేష్టార్ల వ్యాకరణంలో కర్త, కర్మ, క్రియ అని మూడుంటాయి. ఈ ఉద్దానంలో కర్త ఎవరైనా కర్మ మాత్రం క్రియాటినినే. నీరసమా, క్రియాటినిన్. వాపా, క్రియాటినిన్. అన్నం సహించలేదా, క్రియాటినిన్. కిడ్నీ జబ్బుతో ఇంటికొకరు పోయిన ప్రాంతంలో మనిషికి ఇంకో అవయవం ఉందని గుర్తు రావడం కష్టం. పలాస తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించారు. కిడ్నీల పనితీరు చెప్పే ఆ క్రియాటినిన్ మామూలుగానే ఉంది.

ఆ రోజు ఇసుకపేటలో పండగ. బుచ్చమ్మ గంగమ్మకి కొబ్బరికాయ కొట్టింది. తాతారావు బాదుషాలు తెప్పించి స్కూల్లో పిల్లలకి కూడా పంచాడు. "కిడ్నీ గట్టిది మేష్టారూ, ఇంకేటి కావాలి?" అన్నాడు, చలికి వణుకుతూ. కిడ్నీ కాదంటే జబ్బే కాదన్నమాట. అలా రోజూ ఒక జ్వరం బిళ్ళ వేసుకుంటూ రెండు నెలలు గడిపేశాడు. చివరికి ఒకరోజు వల బాగుచేస్తూ పక్కకి ఒరిగిపోతే శ్రీకాకుళం తీసుకెళ్ళారు.

సెలవు పెట్టి వెళ్ళాను. తాతారావు మంచం మీద చేతికి సూదితో ఉన్నాడు. జ్వరం తగ్గుముఖం పట్టింది, కళ్ళలో వెలుగొచ్చింది. డాక్టర్ ప్రసూన మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు.

"గుండె లోపల సన్నటి పొర ఉంటుంది. కవాటాల మీద కూడా అదే. అక్కడ క్రిములు చేరి గూడు కట్టాయి."

కవాటం దగ్గర కవాతన్నమాట. ఈ మాట పైకి అనలేదు. బుచ్చమ్మ నా వైపే చూస్తోంది.

"ఇంజెక్షన్లు నాలుగు వారాలు, ఒక్కరోజు మానకూడదు. గుండెది నయమవుతుంది. కానీ నేను మొన్న వీళ్ళకి చెప్పింది ఇంకొకటుంది. రక్తాన్ని సీసాలో పెట్టి ఏ క్రిమో పెంచి చూశాం. అది గుండెలో పుట్టేది కాదు, పేగులో ఉండేది. పేగు గోడ బాగుంటే సాధారణంగా అక్కడే పడి ఉంటుంది. గుండెదాకా వచ్చిందంటే, గోడ ఎక్కడో చెడిందేమోనని అనుమానించాలి. ఈ రకం క్రిమి గుండెలో దొరికినవాళ్ళలో చాలామందికి పెద్దపేగులో కంతి కనిపిస్తుంది. కొందరికి అది క్యాన్సర్ అవుతుంది."

క్యాన్సర్ అన్న మాటకి కళ్యాణి నా చెయ్యి పట్టుకుంది.

"ఉందని అనడం లేదు. చూడకుండా లేదని కూడా అనలేను. కాస్త తేరుకున్నాక పెద్దపేగులోకి కెమెరా పంపించి చూడాలి."

"అంటే గుండెకీ పేగుకీ సంబంధం ఉందన్నమాట" అన్నాను. ఉండబట్టలేక, "పేగుబంధం!" అని కూడా అన్నాను.

డాక్టరు గారు నవ్వలేదు. "అంతే" అన్నారు, నేనేదో శాస్త్రం చెప్పినట్టు. జీవితంలో నా శ్లేషని ఒకరు రోగనిర్ధారణగా తీసుకోవడం అదే మొదలు.

తాతారావు మంచం మీద నుంచి తల ఎత్తాడు. "గుండెకి జొరమొస్తే ముడ్డిలో కెమెరా ఏటమ్మా? సముద్రంలో వల పోతే జీడితోటలో ఎతుకుతారేటి?"

"మలంలో రక్తం పడుతోందా ఎప్పుడైనా?"

తాతారావు కిటికీ వైపు తిరిగాడు. "మొలలు. మా కలాసీలందరికీ ఉంటాయి. చెక్కల మీద కూకునే బతుకులు."

"ఎప్పటినుంచి పడతన్నాది?" అంది బుచ్చమ్మ. ఆమెకీ అప్పుడే తెలిసింది.



* * *

ఇంజెక్షన్లన్నీ పూర్తయ్యాయి. మే నెల చివర తాతారావు ఇంటికొచ్చాడు, చిక్కి సగమై, కానీ చలాకీగా. గుండె బాగుందని డాక్టరు గారు చెప్పారు. పేగు పరీక్షకి తేదీ కూడా ఇచ్చారు. ఆ తేదీన తాతారావు వెళ్ళలేదు. ఇంకో తేదీ ఇచ్చారు. దానికీ వెళ్ళనని తేల్చేశాడు.

నేను చెప్పి చూశాను. సెలవులైనా పనిగట్టుకుని టెక్కలి నుంచి వచ్చేవాణ్ణి. "గుండె లోపల ఎండో, పేగు లోపల ఏముందో! చూసుకుంటే పోయేదేముంది, చూసుకోకపోతే పోయేది నువ్వు" అన్నాను.

"మీ మాటలు బాగుంటాయి మేష్టారూ. నా కడుపూ బాగున్నాది. కెమెరాలో ఏటైనా పడితే కోత్తారు. కోత్తే మూడు నెలలు పడవెక్కనివ్వరు. నిషేధం పోయిన రోజున నాను సుక్కాని పట్టకపోతే కృష్ణగాడి దగ్గర్నుంచీ ఒక్కడు మిగల్డు. పడవ పోనాక పేగుండి ఏటి లాభం?"

"పేగు లేకపోతే పడవెక్కేది ఎవరు?" అంది బుచ్చమ్మ లోపలి నుంచి.

"నువ్వూరుకోయే!"

పేటలో మాత్రం తాతారావుకి జ్వరం తగ్గిందనే తెలుసు. కుమారి నన్ను కనపడ్డప్పుడల్లా కార్డు అడిగేది. జబ్బుపడ్డవాడికి ముందిచ్చి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని ఆపడం ఏం న్యాయమని నిలదీసేది. నేను ఆకాశం వైపు చూపించేవాణ్ణి.

నిషేధం ముగియడానికి ఇంకో పది రోజులు ఉందనగా గాలి పెద్దగా వీచింది. ఆ మర్నాడు ఉదయం నేను పేటకి వెళ్ళేసరికి అందరూ ఒడ్డునే ఉన్నారు. నీళ్ళ అంచున ఒక చెక్క. వేసిన నీలం రంగు ఇంకా వెలవలేదు.

అక్కడ ఒక కట్టుబాటుంది. తెడ్డుగానీ, వల బెండుగానీ, చెక్కగానీ ఒడ్డుకి కొట్టుకొస్తే, అది ఎవరిదో తేలేదాకా ఎవరూ ఇంటికి పట్టుకుపోరు. అటు ఊళ్ళకీ ఇటు ఊళ్ళకీ కబురు పెడతారు. పడవ ఎవరిది, మనుషులు క్షేమమేనా అని. ఈ మధ్య కబురుకి ముందు ఫోనులో ఫొటో వెళ్తుంది, అంతే తేడా.

"వేటే లేదు కదా, ఎవడు పోనాడు సముద్రంలోకి? ఏదో పాత సెక్క. పొయ్యిలో పెట్టీండి" అన్నాడు కృష్ణ.

తాతారావు వంగి చెక్కని తిరగేశాడు. అంచు వేలితో తడిమాడు. "పాతది కాదురా. ఇది పడవ లోపల అడుగున పరిసే సెక్క. లోపలిది బయటికొచ్చినాదంటే లోపలికి నీళ్ళొచ్చినట్టే. పడవెక్కడో మునుగుతన్నాది."

"మనకి కనపడతలేదు కదా మావా" అన్నాడు రాజేష్. ఆయన మేనల్లుడు, ఆ పడవలోనే పనిచేస్తాడు.

"కనపడకపోతే లేదనా? సెక్క ఇక్కడున్నాది, పడవ అక్కడున్నాది. గాలి అటునుంచే వీచినాది, నువ్వు బండి తీసి ఉత్తరంగా పో. ఏరు సముద్రంలో కలిసేకాడ సూడు. ఆ ఊరోళ్ళు పడవలు ఒడ్డెక్కించరు, అక్కడే కడతారు. తొరగా పో, మునిగిపోనాక ఏటి సేత్తాం!"

రాజేష్ బండి ఎక్కాడు. మిగతావాళ్ళు ఫోన్లు తీశారు. తాతారావు చెక్కని పక్కనే పెట్టుకుని ఇసకలో కూర్చున్నాడు. చాలాసేపటికి రాజేష్ ఫోను చేశాడు. ఏటి ఒడ్డున కట్టిన పడవ గాలికి బండకి కొట్టుకుని అడుగు చీలింది. సగం మునిగింది. దాని మనుషులు పెళ్ళికి పోయి ఉన్నారు. ఊళ్ళోవాళ్ళు చేరి ఇంజను తీశారు, పడవనీ లాగుతున్నారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు.

"సూసినారా!" అని తాతారావు లేచి నిలబడ్డాడు. అందరూ ఆయన్ని మెచ్చుకుంటున్నారు. అప్పుడు బుచ్చమ్మ ముందుకొచ్చింది.

"ఊరోడి పడవ సెక్క ఒడ్డుకొస్తే పడవ ఎక్కడ సీలిందో ఎతికించినావు. నీ పేగులో పురుగు నీ గుండె ఒడ్డుకొచ్చినాదయ్యా! లోపలిది బయటికొచ్చినాదని ఆ డాకటరమ్మ కూడా సెప్పినాది. ఆ పురుగుని సంపీసి, ఇంకేటీ లేదని కూకున్నావు. సెక్కని పొయ్యిలో పెట్టమన్న కృష్ణకీ నీకూ తేడా ఏటి?"

మెచ్చుకుంటున్నవాళ్ళంతా ఆమె వైపు తిరిగారు. గుండె చెక్కలవడం గురించి నేను పిల్లలకి పాతికేళ్ళుగా జాతీయాల పాఠంలో చెబుతున్నాను. గుండెకే చెక్క కొట్టుకురావడం అప్పుడే విన్నాను.

"గుండెలో పురుగేటి?" అన్నాడు కృష్ణ.

"గుండెజబ్బు. జొరమంటే అదే" అంది బుచ్చమ్మ. "దాసినాం. మీరు ఎల్లిపోతారని దాసినాం. ఇప్పుడు పేగులో కూడా సూడాలన్నారు. ఎల్లిపోయేవోళ్ళు ఎల్లిపోండి. నాకు పడవ కన్నా మనిషి కావాలి."

తాతారావు ఆమెని తిట్టబోయి ఆగాడు.  కాలితో చెక్కని కాస్త జరిపాడు. "సెక్క యేరు, మనిషి యేరు" అని గొణిగాడు. 

కృష్ణ తల గోక్కున్నాడు. "మావా, మమ్మల్ని అడిగినావేటి ఎల్లిపోతామని? మొదటి వేటకి సుక్కాని రాజేష్ పడతాడు. నేర్పింది నువ్వే కదా. సేపలు తక్కువొస్తే నిన్నే తిట్టుకుంటాం."

"ఆడికి గాలి తెలీదు."

"ఫోను సేసి అడుగుతాడు. ఆస్పత్రిలో నీకు ఏటి పని?"

తాతారావు ఎవరివైపూ చూడకుండా ఇంటికి నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ డేటు ఎప్పుడన్నారు?" అని అడిగాడు. కోపంగానే.

* * *

పరీక్షకి ముందురోజు పేగు శుభ్రం కావడానికి సీసాల కొద్దీ ఉప్పుమందు నీళ్ళు తాగించారు. "సముద్రం మీద బతికినోణ్ణి, సముద్రాన్నే తాగించినారు" అని దారి పొడవునా సణిగాడు తాతారావు.

కంతి ఉంది. పెద్దపేగులో ఎడమవైపు. ముక్క తీసి పరీక్షకి పంపితే క్యాన్సరేనని వచ్చింది. ఆ మాట డాక్టర్ ప్రసూన నేరుగా ఆయనకే చెప్పారు. ఆయన విని, "పడవ మునిగిందా, అడుగే సీలిందా?" అని అడిగాడు. డాక్టరు గారికి అర్థం కాక నా వైపు చూశారు. నేను అనువదించాను. స్కానింగు చూసి, "ఇంకా దూరం పాకినట్టు లేదు. ఇప్పుడు కోస్తే బాగుపడే అవకాశం ఎక్కువ. ఇంకో ఏడాది ఆగుంటే ఈ మాట అనేదాన్ని కాదు" అన్నారు.

నిషేధం ముగిసిన రోజు తాతారావు ఆపరేషను కోసం విశాఖపట్నంలో చేరి మంచం మీద ఉన్నాడు. తెల్లవారకముందే రాజేష్ ఫోను. గాలి ఎటు, వల ఎక్కడ. కళ్యాణి ఫోను ఆయన చెవి దగ్గర పట్టుకుంది. ఆ రోజు చేపలు ఒక మోస్తరుగా పడ్డాయి. కృష్ణ మాట నిలబెట్టుకుని తిట్టుకున్నాడు. కానీ కలాసీలు ఎవరూ వేరే పడవెక్కలేదు.

ఆపరేషను అయ్యాక, వానల్లో ఇంటికొచ్చాడు తాతారావు. చుక్కాని పట్టడానికి ఇంకా కొన్నాళ్ళు ఆగమన్నారు. పరీక్షలకి వెళ్తూ ఉండాలన్నారు. వలల పాకలో కూర్చుంటే పేటంతా చూడడానికొచ్చింది. నేనూ వెళ్ళాను. పలకరింపులు అయ్యాక కుమారి లేచి నిలబడింది.

"మావా, నువ్వు బాగైనావు, సంతోషం. ఇప్పుడు సెప్పు, నీ ఎండు కార్డు మీద ఏటిచ్చినారు? మేష్టారు అడిగినప్పుడల్లా పైకి సూపిత్తన్నారు."

తాతారావు నా వైపు చూశాడు. నేను ఇసక వైపు చూశాను. ఇక తప్పదు.

"అది కార్డు కాదమ్మా. ఎండోకార్డైటిస్. అది జబ్బు పేరు. ఎండో అంటే లోపల, కార్డు అంటే గుండె. గుండె లోపలి పొరకి వాపు. నువ్వు ఫోన్లో విన్నది అదే. పొర దగ్గర మొదలైంది, పొరపాటు దగ్గర ఆగింది."

"అంటే బియ్యం లేదా?"

"లేదు."

"నూనె?"

"జబ్బుకి నూనె ఎవరిస్తారమ్మా!"

పాకంతా ఘొల్లుమంది. కుమారికి కోపమొచ్చింది. "మరి పైనుంచి రావాలన్నారు?"

"పైనుంచే వచ్చినాదే" అన్నాడు తాతారావు. "నా పేరు మీదే వచ్చినాది. నాను పుచ్చుకోలేదు, ఎనక్కి పంపించీసినాను." నవ్వులు కాస్త తగ్గేదాకా ఆగి అన్నాడు. "ఇనండి. క్రియాటినిన్ బాగున్నాదని నాను బాదుషాలు పంచినాను. మీరు తిన్నారు. అందరం ఎర్రోళ్ళమే. రోజూ జొరమొస్తే కిడ్నీ ఒకటే సూపించుకుని ఊరుకోకండి. రక్తం పడితే మొలలని మీకు మీరే పేరెట్టీకండి. నాది గుండెలో తేలినాది, పేగులో దొరికినాది. ఆ గుండె జొరమే రాకపోతే పేగు సంగతి నాకు తెలిసేదే కాదు."

కృష్ణ అప్పటిదాకా వల ముడి విప్పుతూ ఉన్నాడు. తల ఎత్తకుండానే, "మావా, మొలలకి కూడా ఆ కెమెరా ఏత్తారేటి?" అని అడిగాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మొలలో కాదో సూడ్డానికే ఏత్తారు. ఎన్నాళ్ళ బట్టి?"

"సంక్రాంతి ముందు నుంచి."

"రేపు మేష్టారి బండెక్కు. ఆస్పత్రిలో పేరు రాయించుకోడానికి ఆధారు జిరాక్సు అడుగుతారు. తీయించుకో."

కుమారి మొగుణ్ణి తిట్టలేదు. కొంగు ముడి విప్పింది. ఎండకి అంచులు పసుపెక్కి, నాలుగు మడతలు పడ్డ కాగితాలు తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"తీయించే ఉన్నాది. నీదీ, నాదీ."